గుమ్మం దాటని బంతి

తెల్లారడానికి ఇంకా రెండు గంటలుంటుంది. విజయవాడ వన్‌టౌన్‌లో కొట్ల షట్టర్లన్నీ మూసే ఉంటాయి. పూల మార్కెట్‌లో మాత్రం అప్పటికే కాలు పెట్టే సందుండదు. అదీ దసరా ముందురోజైతే ఇక చెప్పనే అక్కర్లేదు! ఆటోలూ, ట్రాలీలూ, లారీలూ... ఏది వచ్చి ఆగినా అందులోంచి దిగేవి బంతిపూల మూటలే. పసుపూ, నారింజా రంగుల్లో గుట్టలుగా పోసిన ఆ పూల మధ్య నిలబడితే మల్లెల వాసన ఎక్కడో దాక్కుంటుంది. ముక్కును తాకేది ఘాటైన, కాస్త చేదైన, పచ్చి ఆకును నలిపినట్టుండే వాసన. అది బంతి వాసన.

ఆ పూటకి బెజవాడంతా అదే వాసన. ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర అదే, ఆటోనగర్‌లో ఆయుధపూజకు నిలబెట్టిన లారీ బానెట్ల మీదా అదే. కాళేశ్వరరావు మార్కెట్‌ కొట్ల గల్లాపెట్టెల మీద, బందరు కాలువ గట్టున ఆగిన రిక్షా హ్యాండిళ్ల మీద, అపార్టుమెంట్ల గుమ్మాలకు కట్టిన మామిడి తోరణాల పక్కన... ఎటు చూసినా బంతే. దాదాపు మూడు నెలలు తిరిగేసరికి సంక్రాంతి వస్తుంది. అప్పుడు గొబ్బెమ్మల నెత్తినెక్కేదీ బంతిపువ్వే.

ఇంటికి ఇంత దగ్గరైన ఈ మొక్క ఒక్కచోటికి మాత్రం వెళ్లలేదు. వంటింట్లోకి! గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. లోకంలో మరికొన్ని దేశాల్లో మాత్రం బంతి తోబుట్టువులు నిక్షేపంగా రోట్లో నలుగుతున్నాయి, పులుసులో ఉడుకుతున్నాయి. ఏ వాసన తలకి, ఏ వాసన దేవుడికి, ఏ వాసన నోటికి అన్న పంపకం ఒక్కో నేల ఒక్కోలా చేసుకుంది. కృష్ణా డెల్టా చేసుకున్న పంపకం కథే ఇది.

ఇద్దరు అతిథులు

కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు రకరకాల భోజనాలు చేశాడు, నచ్చినవాటిని మెచ్చుకున్నాడు, నచ్చనివాటిని ఎండగట్టాడు. అయితే ఆయన తిన్న ఏ వంటలోనూ మిరపకాయ లేదు. పదిహేనో శతాబ్దపు మొదట్లో ఆంధ్రదేశంలో కారమంటే మిరియమే. ఆయన పక్కనుంచి నడిచిపోయిన ఏ గుడి గుమ్మానికీ ఈ బంతిదండా ఉండి ఉండదు. ఎందుకంటే మిరప, బంతి రెండూ అమెరికా ఖండాల మొక్కలు. మెక్సికో, దాని చుట్టుపక్కల నేలలు వాటి పుట్టిళ్లు. కొలంబస్‌ 1492లో దారి కనుక్కున్నాకే అవి సముద్రాలు దాటాయి. పోర్చుగీసు ఓడల రాకపోకలు పెరిగిన పదహారో శతాబ్దంలో మన దేశానికి చేరాయన్నది చరిత్రకారుల మాట.

వచ్చిన ఇద్దరిలో మిరపకాయ మహా చొరవైనది. మిరియాన్ని గుర్తుచేసే పేరు పెట్టుకుని ఏకంగా పొయ్యి దగ్గరే పీట వేసుకుంది. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు లేని ఆంధ్రను ఊహించగలమా? ఆవకాయ ఎరుపూ, గోంగూర పచ్చడి ఘాటూ దాని చలవే.

బంతి దారి వేరు. చూడ్డానికి ముద్దుగా, గుండ్రంగా ఉంది. కోసిన రెండు మూడు రోజులు వాడకుండా నిలుస్తుంది. పసుపు రంగు, శుభానికి గుర్తు. ఇంకేం కావాలి? గడపకు పసుపు రాసే ఇంట్లో దానికి వెంటనే చోటు దొరికింది. ముద్దబంతి, రెక్కబంతి అని ముద్దుపేర్లూ వచ్చాయి. పుట్టినచోట కూడా అది పవిత్రమైన పువ్వే. ఏటా నవంబరు మొదటి రెండు రోజుల్లో మెక్సికోవాళ్లు చనిపోయిన తమ పెద్దల్ని తలుచుకునే పండగ చేస్తారు. ఆ వాసన పట్టుకుని పెద్దలు ఇంటికి దారి తెలుసుకుంటారని నమ్ముతూ సమాధుల నుంచి ఇళ్ల దాకా బంతి రేకులు పరుస్తారు. మన గుమ్మానికీ, వాళ్ల గుమ్మానికీ మధ్య సముద్రాలున్నా దండ మాత్రం ఒక్కటే.

తలకి ఒకటి, తాళింపుకి ఒకటి

వాసన ఉన్న ఆకుల్ని తెలుగువాళ్లు తినరా అంటే... తినకపోవడమేమిటి! కరివేపాకు లేని తాళింపుంటుందా? విజయవాడ నుంచి రైలెక్కి కృష్ణా నది దాటి తెనాలి వైపు వెళ్తుంటే దారిలో పెదవడ్లపూడి స్టేషన్‌ వస్తుంది. మంగళగిరి పక్కనున్న ఆ ఊరి చుట్టూ కరివేపాకే ఒక పంట. మనిషి ఎత్తు కూడా దాటనివ్వకుండా మడులు మడులుగా కోసి, కట్టలు కట్టి పంపిస్తుంటారు. పెరట్లో ఒక చెట్టుంటే చాలనుకునే ఆకుని ఎకరాల్లో పెంచే నేల అది. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, వాము ఆకు... ఇలా వంటింటికి రాసిచ్చిన వాసనలు ఇంకా ఉన్నాయి.

ఇక రెండో జాబితా పూలకొట్టుది. మల్లెలూ, కనకాంబరాల మధ్య పచ్చగా కనిపించే మరువం, కదంబమాలలో చేరే దవనం. ఇవి కూడా ఆకులే, వాసన కోసమే. కానీ వాటి చోటు జడలో, లేదంటే దేవుడి మెడలో. వినాయకచవితినాటి ఇరవయ్యొక్క పత్రిలో మాచీపత్రం ఉంటుంది, మరువం ఉంటుంది. పూజయ్యాక అవి నిమజ్జనానికే వెళ్తాయి. ఒక్క రెమ్మా గిన్నెలో పడదు.

తమాషా ఏమిటంటే, మరువం ఐరోపాలో పక్కా వంటింటి సరుకు. మాంసం కూరల్లో, సూపుల్లో వేస్తారు. మన పిల్లలు పిజ్జా మీద చల్లుకునే ఒరెగానో దానికి తోబుట్టువు. దవనానిదీ అదే కథ. ఫ్రెంచివాళ్లు చేపల మీదా, కోడి కూరలోనూ వేసుకోవడానికి ప్రాణం పెట్టే టారగాన్‌ ఆకు, మన దవనం, మాచీపత్రం... మూడూ ఒకే ప్రజాతి మొక్కలు. బెజవాడ అమ్మాయి జడలో పెట్టుకున్న దండలో ఫ్రాన్సు, ఇటలీ వంటవాళ్లు చూస్తే వదలని చుట్టాలు రెండున్నాయన్నమాట!

అంటే తినగలిగిన వాసనలూ, తినలేని వాసనలూ అని లోకమంతటికీ ఒకటే గీత లేదు. ఎవరి గీత వాళ్లు గీసుకున్నారు. బంతి విషయంలో ఆ గీత అవతల నిలబడ్డవాళ్లు ఏం చేస్తున్నారో చూస్తే మనవాళ్లకి నోరూరడం ఖాయం.

పెరూలో పల్లీ పచ్చడి

దక్షిణ అమెరికాలో అడవిబంతి ఒకటుంది. శాస్త్రవేత్తలు టాజెటిస్‌ మైన్యూటా అంటారు. ఆ పేరులోని ‘మైన్యూటా’ అంటే చిన్నదని అర్థం. చిన్నవి పూలు మాత్రమే, మొక్క మనిషెత్తు పెరుగుతుంది. దండకు పనికొచ్చే పువ్వే కాదది. గింజంత లేత పసుపు మొగ్గలు గుత్తులుగా వస్తాయంతే. దాని బలమంతా ఆకులో ఉంది. నలిపితే పుదీనా, సోంపు, నారింజ తొక్క... అన్నీ కలిసిన ఘాటు.

పెరూ దేశంలో ఈ ఆకుని ‘వకటాయ్‌’ అంటారు. అక్కడి అరెకీపా నగరం పేరు చెప్పగానే గుర్తొచ్చే వంటకం ‘ఒకోపా’. తయారీ వింటే పరాయిదనిపించదు. ఎండుమిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి వేయిస్తారు. వేరుసెనగ పప్పులో, అక్రోట్లో చేరుస్తారు. గుప్పెడు అడవిబంతి ఆకు, కాస్త జున్నులాంటి చీజు వేసి మెత్తగా నూరతారు. ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పోసుకుని తింటారు. చీజు సంగతి పక్కనపెడితే అచ్చం మన పల్లీ పచ్చడే! నూరే సరంజామా కూడా మన సన్నికల్లు లాంటిదే. అడుగున బల్లపరుపు రాయి, పైన అటూఇటూ ఊపుతూ నూరే మరో రాయి. మిరప, వేరుసెనగ మొదట అటువైపు నుంచే ఇటు వచ్చాయి మరి. పచ్చడిలోని సరుకుల్లో రెండు మన ఊరొచ్చి స్థిరపడ్డాయి. మూడోది, ఆ ఆకు ఒక్కటే రాలేదు.

మెక్సికోలో ఇంకో బంతి ఉంది, టాజెటిస్‌ లూసిడా. ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అచ్చంగా సోంపు వాసన. మొక్కజొన్న కంకులు ఉడికించేటప్పుడు ఆ నీళ్లలో రెండు రెమ్మలు వేస్తారు. టీ కాచుకుంటారు. ఫ్రెంచి టారగాన్‌ ఎండకి తట్టుకోలేదు. అందుకే వేడి ప్రాంతాల్లో దాని బదులు ఈ బంతినే పెంచుకుంటారు. ‘మెక్సికన్‌ టారగాన్‌’ అన్న పేరు అలా వచ్చిందే.

నల్లసముద్రం పక్కనున్న జార్జియా దేశానిది మరో దారి. మనం గుమ్మానికి కట్టే బంతి రేకుల్నే వాళ్లు ఎండబెట్టి పొడి చేస్తారు. ‘ఇమెరెటీ కుంకుమపువ్వు’ అని దానికి ముద్దుపేరు. అక్రోట్ల ముద్దతో చేసే కోడి కూరలో, మాంసం పులుసులో పసుపులా వాడతారు. నిజం కుంకుమపువ్వు కొనలేని ఇంట్లోనూ ఆ రంగు, ఓ కొత్త రుచీ కూరకి దక్కుతాయి.

ఈ అడవిబంతి మన దేశానికి రాకపోలేదు. హిమాచల్‌ ప్రదేశ్‌, ఉత్తరాఖండ్‌, కశ్మీర్‌ కొండల్లో కలుపుమొక్కలా పాకింది. తర్వాత అదే పంటైంది. పాలంపూర్‌లోని సీఎస్‌ఐఆర్‌ సంస్థ మెరుగైన రకాలు తయారుచేసింది. చంబా లాంటి జిల్లాల్లో రైతులు ఆ మొక్కల్ని సాగుచేసి ఆవిరి పట్టి నూనె తీస్తున్నారు. ఆ నూనె అత్తరు పరిశ్రమకి వెళ్తుంది. చల్లటి కొండల్లో బాగా వచ్చే మొక్క కాబట్టి ఉక్కపోత డెల్టాలో దానికి అంత మర్యాద దక్కుతుందని చెప్పలేం. ఇక్కడి నేలకి అలవాటుపడింది మన బంతే.

లంకలో ఒక పందెం

ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కిందికి చూస్తే నది మధ్యా, గట్ల వెంటా పచ్చటి తునకలు కనిపిస్తాయి. లంకలు. 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ఈ బ్యారేజీ కాలవల కింద పదమూడు లక్షల ఎకరాల పైచిలుకు సాగుకు భరోసా ఉంది. లంకల సంగతి వేరు. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే బంతి వేరు కుళ్లిపోతుంది. ఇసుక కలిసిన లంక ఒండ్రులో నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. అందుకే అరటి, పసుపు, కంద, కూరగాయలతోపాటు పూలకీ ఈ నేలలు అనువు.

బంతి సాగంటే పండగ తేదీతో పందెం. దసరాకి పువ్వు కావాలంటే వేసవి దాటగానే లెక్క మొదలుపెట్టాలి. నారు పెరగడానికి పాతిక ముప్ఫై రోజులు. బోదెల మీద నాటాక నెల రోజులకి తలలు తుంచాలి. అప్పుడే పక్కకొమ్మలు వస్తాయి. నాటిన రెండు నెలలకి పువ్వు. పది రోజులు ముందు పూస్తే అడిగేవాళ్లుండరు, పది రోజులు ఆలస్యమైతే పండగే ఉండదు. మధ్యలో వాన పడితే రేకుల్లోకి నీరు దిగి పువ్వు నల్లబడుతుంది. పైగా అదే రోజుకి గురిపెట్టి కర్ణాటక నుంచీ, రాయలసీమ నుంచీ లారీలు బయల్దేరతాయి.

నది కోపగిస్తే పందెమే ఉండదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలో అంత నీరు అంతకుముందెప్పుడూ చూడలేదు. అటు బుడమేరు ఊరిని ముంచితే ఇటు కృష్ణ లంకల్ని ముంచింది. దసరాకి సరిగ్గా నలభై రోజులే ఉంది. పూసే మొక్కకి తల తుంచే వయసు కూడా ఇంకా రాలేదు.

అన్నీ కలిసొచ్చి పువ్వు మార్కెట్‌కి చేరినా దాని వైభవం ఒకటి రెండు పూటలే. నవమినాడు బేరమాడ్డానికి తీరిక లేనివాళ్లు ఏకాదశినాడు అటు తిరిగి చూడరు. అమ్మినా కోతకూలీ, బండి కిరాయి రావనిపిస్తే పువ్వుని చేలోనే వదిలేయడం రైతుకి కొత్త కాదు. గోంగూరైతే రేపూ అమ్ముకోవచ్చు, కరివేపాకైతే ఎండినా పొడికి పనికొస్తుంది. నోటికి పనికొచ్చే పంటకీ, గుమ్మానికి పనికొచ్చే పంటకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఒకదానికి ఏడాదంతా గిరాకీ ఉంటుంది, రెండోది క్యాలెండరు వంక చూస్తూ కూర్చోవాలి.

పూజ ముగిశాక మిగిలే నిర్మాల్యానికి దారి వెతకడం మొదలైంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 నుంచి ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయిస్తోంది. అది వాడిన పువ్వు సంగతి. అమ్ముడుపోని పువ్వు ప్రశ్న అలాగే ఉంది.

దొడ్డిదారిన వంటింట్లోకి...

నిజానికి బంతి మన వంటింట్లోకి అసలు రాలేదని కూడా అనలేం. వస్తోంది, దొడ్డిదారిన!

బంతి రేకులకి ఆ రంగునిచ్చేది ల్యూటిన్‌ అనే పదార్థం. దక్షిణాదిలో కర్ణాటక, తమిళనాడు, కేరళల్లోని కర్మాగారాలు ముద్దబంతి రేకుల్ని ఎండబెట్టి, నూరి, ఆ సారాన్ని తీస్తాయి. అందుకోసం రైతులతో ముందే ఒప్పందం చేసుకుని సాగు చేయిస్తాయి. ఆ సారం వెళ్లే చోట్లలో ఒకటి కోళ్ల దాణా. మేతలో అది కలిస్తే గుడ్డులోని సొన మంచి పసుపు రంగుకి వస్తుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తికి పెట్టింది పేరైన రాష్ట్రం మనది. అలాంటి దాణా తిన్న కోడి గుడ్డుతో ఆమ్లెట్‌ వేస్తే, గుమ్మం దగ్గర ఆపేసిన బంతి మారువేషంలో పెనం మీదికి చేరినట్టే! కంటిచూపు కోసం డాక్టర్లు రాసే కొన్ని మాత్రల్లోనూ ఈ ల్యూటినే ఉంటుంది.

ఇంకో పని కూడా బంతి చడీచప్పుడు లేకుండా చేస్తోంది. గుంటూరు, పల్నాడు, నందిగామ వైపు మిరప చేల గట్ల వెంట అక్కడక్కడా బంతి మొక్కలు కనిపిస్తాయి. అందానికి కాదు, ఎర పంటగా వేస్తారు. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగుకి బంతిపువ్వంటే మోజు. గుడ్లు అక్కడ పెడుతుంది, కాయ బతుకుతుంది. బంతి వేళ్ల నుంచి వచ్చే పదార్థం నేలలోని నులిపురుగుల్నీ అదుపు చేస్తుంది. పురుగుమందు తగ్గించుకోవాలనుకునే రైతుకి వ్యవసాయ అధికారులు చెప్పే మొదటి మాటల్లో ఇదొకటి. ఐదొందల ఏళ్ల కిందట ఒకే ఊరి నుంచి బయల్దేరిన ఇద్దరు అతిథుల్లో ఒకరు ఇంట్లోవాళ్లయ్యారు. రెండోవాళ్లు ఆ ఇంటికి కాపలా కాస్తున్నారు.

తినొచ్చా మరి?

అయితే రేపే మార్కెట్‌కెళ్లి కిలో బంతిపూలు తెచ్చి వండుకోవచ్చా? వద్దు. దండ కోసం పండించిన పువ్వుని దండకే వాడాలి. ఎవరూ తినరన్న లెక్కతో పెంచిన పంట మీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో, కోతకి ఎన్నాళ్ల ముందు ఆపారో చూసేవాళ్లుండరు. నోట్లోకి వెళ్లే ఆకుకి నిఘా ఎంత గట్టిగా ఉంటుందో కరివేపాకు రైతుల్ని అడిగితే తెలుస్తుంది. ఐరోపా సంఘం భారత్‌ నుంచి వచ్చే బెండకాయలకీ, కరివేపాకుకీ పురుగుమందుల అవశేషాల పరీక్ష పత్రాన్ని తప్పనిసరి చేసింది. పువ్వు గుమ్మం దాటి లోపలికి రావాలంటే ఆ క్రమశిక్షణ చేలోనే మొదలవ్వాలి. మందు కొట్టని బంతిని వేరుగా పెంచి, వేరుగా ఎండబెట్టగలిగితే పండగ దాటిన పువ్వుకి ఇంకో దారి దొరకొచ్చు. అదంతా కొనేవాళ్లు ఉంటేనే. ఒప్పందం లేకుండా ఎకరాలకి ఎకరాలు వేస్తే మళ్లీ అదే పందెం.

పేర్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లిషు వంటల పుస్తకాల్లో మారిగోల్డ్‌ రేకులు వేయమని ఉంటే అది చాలావరకు క్యాలెండ్యులా అనే మరో మొక్క. మన బంతి కాదు. ఇక విదేశీ అడవిబంతి విత్తనాలు తెప్పించి పొలం గట్టున చల్లాలన్న ఉబలాటం అసలు పనికిరాదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా దేశాల్లో అది మొండి కలుపై కూర్చుంది. బంతి వంశానికే చెందిన వయ్యారిభామ మన పొలాల్ని ఎలా ఆక్రమించిందో కళ్లముందే ఉంది కదా!

కుండీలో పెంచాలంటే...

సరదాగా రుచి చూడాలనుకునేవాళ్లకి మేడ మీద రెండు మూడు కుండీలు చాలు. పాతకాలపు రెక్కబంతి, దొరికితే సోంపు వాసన ఉన్న మెక్సికన్‌ టారగాన్‌ ఇంటికి మంచి జోడీ.

* విజయవాడ ఎండల్లో ఏప్రిల్‌, మే నెలలు లేత మొక్కకి గండం. వానలు తెరిపిచ్చాక అక్టోబరులో మొదలుపెడితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా పెరుగుతాయి.

* మట్టిలో మూడో వంతు ఇసుక కలపాలి. కుండీ అడుగున చిల్లు మూసుకుపోకుండా చూడాలి. నీళ్లు నిలిస్తే ముందు పోయేది వేరే.

* గింజని పైపైనే చల్లి పలచగా మట్టి కప్పితే వారం లోపు మొలకొస్తుంది. మెక్సికన్‌ టారగాన్‌ అయితే కొమ్మ తుంచి నాటినా బతుకుతుంది.

* రోజుకి ఐదారు గంటల ఎండ తగలాలి. జానెడు ఎదిగాక తల తుంచితే గుబురుగా వస్తుంది. ఆకు కోసం పెంచే మొక్కని మొగ్గ రాకముందే కోసుకుంటూ ఉండాలి. పూత మొదలైతే ఆకు ముదిరి చేదెక్కుతుంది.

* రేకు అడుగున తెల్లగా ఉండే భాగం బాగా చేదు. దాన్ని గిల్లేసి పైభాగమే వాడుకోవాలి. పెరుగన్నం మీద నాలుగు రేకులు చల్లుకోవచ్చు. ఎండబెట్టి పొడి చేస్తే పసుపు వేసే కూరల్లో చిటికెడు కలపొచ్చు. సోంపు వాసన ఆకుని చారు దించేటప్పుడు ఒక రెమ్మ వేస్తే చాలు. కరివేపాకులా గుప్పెడు వేస్తే కూరంతా అదే అవుతుంది.

* బంతి, చేమంతి, వయ్యారిభామ లాంటి మొక్కలు పడనివాళ్లు దీని జోలికి పోకూడదు. ఆకుల పసరు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే రుచి చూడాలి.

ఎండిన దండ

దసరాకి కట్టిన దండ వారానికల్లా వాడిపోతుంది, పదిహేను రోజులకి పెళుసుగా ఎండిపోతుంది. డెల్టా పల్లెల్లో ఆ దండని పారేయని ఇళ్లు ఉండేవి. ఎండిన పూలని రెండు అరచేతుల మధ్య నలిపితే సూదుల్లాంటి నల్లటి గింజలు రాలతాయి. వాటిని పెరట్లో చల్లితే చాలు, చలి ముదిరేసరికి మొక్కలు మొగ్గ తొడిగేవి. సంక్రాంతి గొబ్బెమ్మలకి ఇంట్లో పూలే! మళ్లీ ఏడాదికి గింజలూ ఇంట్లోవే.

ఇప్పుడు మార్కెట్‌కి వచ్చే ముద్దబంతుల్లో ఎక్కువ భాగం సంకర రకాలు. పువ్వు పెద్దది, బరువెక్కువ, రవాణాకి తట్టుకుంటుంది. కానీ వాటిలో చాలావాటికి గింజ సరిగా పట్టదు, పట్టినా తల్లి పోలిక రాదు. ఏటా నారు కొనాల్సిందే. నలిపిన దండ మొలకెత్తని ఇళ్లు ఎక్కువవుతున్నాయి. దానితోపాటే ఆ పాత రెక్కబంతి కూడా కనుమరుగవుతోంది. రేపెప్పుడైనా ఎవరైనా దాన్ని రుచి చూద్దామనుకుంటే కావాల్సిన గింజ అదే.

అయినా పూర్తిగా పోలేదు. కాలవ గట్ల మీది పాత ఇళ్లలో వంటింటి వెనకాల తూము ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అక్కడికే వస్తాయి. ఆ తడిలో ఏపుగా ఎదిగిన కరివేపాకు చెట్టు, దాని మొదట్లో ఎవరూ నాటకుండానే మొలిచిన నాలుగు రెక్కబంతి మొక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. పొద్దున్నే ఆ ఇంటావిడ చెయ్యి చాపి రెండు కరివేపాకు రెబ్బలు తుంచుకుని పొయ్యి దగ్గరికి వెళ్తుంది. చీర కుచ్చెళ్లు తగిలి బంతి ఆకు నలిగి ఘుమ్మంటుంది. పొయ్యికీ ఆ మొక్కకీ మధ్య ఉన్నది ఒక్క గోడే.